మధ్యభాగం ‘పెడెస్ట్రియన్’గా ఉందన్నారు, పొగడ్త అనుకుని థాంక్స్ చెప్పేశాను

కిటికీసీటు (కొత్త సభ్యుడు)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే, రాయడం ఇదే మొదటిసారి. సిగ్గుపడాల్సిన విషయమే, అయినా చెప్పేస్తాను.

ఇంగ్లీషులో ఒక కథ రాసి, ఎడిటింగ్‌లో బాగా అనుభవం ఉన్న ఒక పెద్దావిడకు పంపాను. ఓపిగ్గా చదివారు. చివర్లో ఒక వాక్యం రాశారు. ఎత్తుగడ బాగుంది, ముగింపు బాగుంది, మధ్యలో రచన మాత్రం ‘ఎ బిట్ పెడెస్ట్రియన్’ అని.

నాకు తెలిసిన పెడెస్ట్రియన్ రోడ్డు దాటే మనిషి ఒక్కడే. దారిన పోయే మనిషి అంటే సామాన్యుడు కదా, సామాన్యుడికి కూడా అర్థమయ్యేలా రాశానని మెచ్చుకుంటున్నారు కాబోలు అనుకున్నాను. వెంటనే జవాబు కొట్టాను: “చాలా థాంక్స్ మేడమ్. నేను ఎక్కువ కష్టపడింది మధ్యభాగం మీదే. మిగతా కథను కూడా ఇదే పద్ధతిలోకి మారుస్తాను.”

పంపాక డిక్షనరీ తీశాను. మీకు తెలిసే ఉంటుంది ఏం కనిపించిందో.

రెండు రోజులైంది, ఆవిడ నుంచి జవాబు లేదు. ఒకటే టెన్షన్. అసలు ఈ మాట ఎంత ఘాటైంది? తిట్టినట్టా, సర్ది చెప్పినట్టా? ఇంకో సంగతి, నేనే ఒక నవల మీద ఇంగ్లీషులో సమీక్ష రాస్తున్నాను. అందులో కొన్ని అధ్యాయాలకు ఈ మాట సరిగ్గా సరిపోతుందనిపిస్తోంది. వాడొచ్చా?

---

అర్ధవిరామం

“మిగతా కథను కూడా ఇదే పద్ధతిలోకి మారుస్తాను.” 😂😂

క్షమించండి సార్. నవ్వకుండా ఉండటం నా వల్ల కాలేదు. ఆవిడ ఆ మెయిల్ చదివినప్పటి ముఖం ఊహించుకుంటున్నాను.

---

ఎర్రసిరా (పాత సభ్యురాలు)

కిటికీసీటు గారూ, ముందు కాస్త మంచినీళ్లు తాగండి. ఇరవై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను. ఇంతకంటే పెద్ద పొరపాట్లు చూశాను, కొన్ని నేనే చేశాను.

ఆ మాట తిట్టు కాదు. అలాగని మెచ్చుకోలు అసలే కాదు. తప్పుల్లేవు, ప్రాణం కూడా లేదు అని చెప్పడం. వ్యాకరణం సరిగ్గానే ఉంటుంది, కథ అర్థమవుతుంది, కానీ ఎక్కడా చదివేవాడి కన్ను ఆగదు. రచనకే కాదు, నటనకు, సంగీతానికి, ఉపన్యాసానికి, ఆటగాడి ఆటకు కూడా వాడతారు. వేగం గురించి అన్నప్పుడు మాత్రం ‘పెడెస్ట్రియన్ పేస్’ అంటే నత్తనడక.

‘ఎ బిట్’ను మరీ నమ్మకండి. ఇంగ్లీషులో మర్యాదస్తులు అనాలనుకున్నదానికి కాస్త నీళ్లు కలిపి అంటారు. ఆవిడ మనసులో ఉన్నది ‘బాగానే పెడెస్ట్రియన్’ అయ్యుండొచ్చు. కానీ ఒకటి గమనించండి, కథ మొత్తాన్ని అనలేదు. మధ్యభాగాన్ని మాత్రమే అన్నారు. అంటే మొదలూ చివరా అలా లేవని. పనికిరాని కథకు ఎవరూ ఇంత విడమరిచి చెప్పరు.

---

సూటిగా

నా గోల ఎప్పుడూ ఉండేదే. ‘డల్’ అనొచ్చు, ‘బోరింగ్’ అనొచ్చు, ‘ఆర్డినరీ’ అనొచ్చు. ఇంత మామూలు విషయం చెప్పడానికి అవతలివాడు డిక్షనరీ తీసి చూసుకోవాల్సిన మాట ఎందుకండీ? ఎదుటివాడికి అర్థం కాని విమర్శ వల్ల ఎవరికి లాభం? ఇక్కడ జరిగింది అదే కదా.

---

ఎర్రసిరా

సూటిగా గారూ, ఆ మూడూ ఒకటి కాదు. ‘బోరింగ్’ అంటే నాకు విసుగొచ్చిందని, అది నా సంగతి. ‘ఆర్డినరీ’లో మంచీ లేదు చెడూ లేదు, ‘యాన్ ఆర్డినరీ డే’ అంటే ఎవరినీ ఏమీ అన్నట్టు కాదు. ‘డల్’ చాలా వెడల్పు మాట, రంగుకీ కత్తికీ ఆకాశానికీ కూడా సరిపోతుంది. పెడెస్ట్రియన్‌లో ఒక నిర్దిష్టమైన ఫిర్యాదు ఉంది. ఇక్కడ ఊహ పనిచేయాలి, పనిచేయలేదు. అందుకే అద్దెల ఒప్పందాన్నో కరెంటు బిల్లునో ఎవరూ పెడెస్ట్రియన్ అనరు. దాని నుంచి ఎవరూ ఊహను ఆశించరు కాబట్టి.

---

పదాలపురుగు

నాకు ఇష్టమైన మాట వచ్చింది, కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

కిటికీసీటు గారిలాగే అందరూ అనుకునేది ఏమిటంటే, ‘నడిచేవాడు’ అసలు అర్థం, ‘మామూలు రచన’ అనేది తర్వాత పుట్టిన అలంకారం అని. ఇంగ్లీషులో జరిగింది అటూ ఇటుగా దానికి రివర్సు. 1716 నాటికే ఇది ‘పస లేని రచన’ అనే అర్థంలో విశేషణంగా ఉంది. నడిచే మనిషికి నామవాచకంగా స్థిరపడింది ఆ శతాబ్దం ద్వితీయార్ధంలో. రోడ్డు దాటే మనిషికంటే రాయడం రాని మనిషి ముందొచ్చాడన్నమాట.

ఎందుకంటే ఇంగ్లీషు ఈ అర్థాన్ని తాను కల్పించుకోలేదు, లాటిన్ నుంచి తెచ్చుకుంది. ‘పెస్’ అంటే పాదం, ‘పెడెస్టర్’ అంటే కాలినడకన పోయేది. దానికి ఎదురుమాట ‘ఈక్వెస్టర్’, గుర్రం మీద పోయేది. కవిత్వం గుర్రమెక్కి పోతుంది, వచనం నేల మీద నడుస్తుంది. గ్రీకులో కూడా ఇంతే, వచనాన్ని ‘కాలినడక మాట’ అనే అర్థమొచ్చేలా పిలిచేవారు. కాబట్టి మొదట్లో ఇది తిట్టు కాదు. ఛందస్సు లేనిది అని చెప్పడమే.

ఇప్పుడు మన వైపు చూడండి. మనకు పాదాలు ఉన్నది పద్యం! పాదం నుంచే పద్యం అన్న మాట వచ్చింది. ‘గద్’ అంటే పలకడం, దాన్నుంచి గద్యం. అక్కడ కాళ్ల మీద నడిస్తే వచనం, ఇక్కడ కాళ్లుంటేనే పద్యం. పైగా లాటిన్ ‘పెస్’, సంస్కృతం ‘పాద’ ఒక తల్లి పిల్లలే. ఒకే కాలు, ఒక చోట గుర్రం దిగింది, ఇంకో చోట గణాలు లెక్కపెట్టుకుంటూ చిందేసింది. ఇది మొదటిసారి గమనించిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మా ఇంట్లోవాళ్లు దీన్నొక జబ్బు కింద లెక్కేశారు.

---

అర్ధవిరామం

పురుగు గారూ 👏 ఇంగ్లీషు పద్యాల్లో కూడా ‘ఫుట్’ లెక్కపెడతారు కదా మరి?

---

పదాలపురుగు

అవును తమ్ముడూ, అక్కడ కూడా రెండూ ఉన్నాయి. పద్యానికి ఫుట్, పస లేనిదానికి పెడెస్ట్రియన్. వాళ్లకు ఇబ్బందేమీ లేదు, ఒకటి సొంత మాట, ఇంకోటి అప్పు తెచ్చుకున్న మాట కాబట్టి ఎదురుపడ్డా గుర్తుపట్టవు.

---

నడకమానను

రోజూ పది కిలోమీటర్లు నడిచేవాడిగా నా నిరసన నమోదు చేయండి. గుర్రాలున్నవాళ్లు గుర్రాల్లేనివాళ్లను చిన్నచూపు చూడటమే కదా ఇది. రోమ్‌లో గుర్రపువాళ్లు అంటే ఒక వర్గం, హోదా. కాల్బలం అంటే మామూలు జనం. ఆ చిన్నచూపునే మనం ఇవాళ సాహిత్య విమర్శ అని రాసుకుంటున్నాం.

ఇంకో మాట. 19వ శతాబ్దంలో నడక పోటీలు జనం విరగబడి చూసే ఆట, పేరే ‘పెడెస్ట్రియనిజం’. 1809లో కెప్టెన్ బార్‌క్లే ఇంగ్లండులోని న్యూమార్కెట్‌లో 1000 మైళ్లు 1000 గంటల్లో నడిచాడు. గంటకొక మైలు చొప్పున, పగలూ రాత్రీ, దాదాపు 42 రోజులు. పందెం 1000 గినీలు. అతన్ని పెడెస్ట్రియన్ అంటే ఊహ లేనివాడని అర్థమా?

---

సూటిగా

ఈ ఒక్క విషయంలో నడకమానను గారితో ఏకీభవిస్తాను. మాట వెనక అహంకారం ఉంది.

---

ఎర్రసిరా

మాట వెనక ఉన్నదాన్ని బట్టి మాటలు వదిలేస్తే నోరు కట్టుకుని కూర్చోవాలండీ. ‘బెనాల్’ ఎక్కడిది? దొర మిల్లులోనే ధాన్యం ఆడించుకోవాలి, దొర పొయ్యిలోనే రొట్టె కాల్చుకోవాలి అనే పాత ఫ్రెంచి కట్టడిలోంచి వచ్చింది. అందరూ వాడేది కాబట్టి ‘అందరిదీ’, అందరిదీ కాబట్టి ‘చవకబారు’. ‘ట్రివియల్’ మూడు దారుల కూడలి. ‘వల్గర్’ అంటే జనానిది. మామూలుతనాన్ని తిట్టే మాటల్లో సగం జనాన్ని తిట్టే మాటలే.

మన ‘గ్రామ్యం’ మాత్రం ఏం తక్కువ తింది?

---

పదాలపురుగు

పెడెస్ట్రియన్ చుట్టాల్లో గౌరవంగా బతుకుతున్నవాళ్లూ ఉన్నారు. ‘పయనీర్’ కూడా పాదం నుంచే వచ్చింది. సైన్యానికి ముందు నడిచి దారి చేసే కాల్బంటు. చదరంగంలో ‘పాన్’ అదే, ఆఫీసు ‘ప్యూన్’ అదే. మనం ఆ పావును బంటు అంటాం, ప్యూన్‌ను బంట్రోతు అంటాం. రెండు భాషలూ ఎవరూ చెప్పకుండానే ఒకే దారిలో నడిచాయి. (నడిచాయి అన్నానని నడకమానను గారు సంతోషించగలరు.)

---

కొత్తచిగురు

ఒక డౌటు. ‘పెడెస్ట్రియన్ బ్రిడ్జ్’ అంటే మామూలు బ్రిడ్జి అని కూడా అర్థం వస్తుందా? మా నోట్సులో ‘పెడెస్ట్రియన్ బ్రిడ్జ్ డిజైన్’ అని హెడ్డింగు ఉంది. ఇప్పుడు అది చదువుతుంటే వింతగా ఉంది.

---

ఎర్రసిరా

మంచి డౌటు. అక్కడ మొదటి మాట విశేషణంలా కూర్చున్న నామవాచకం. నడిచేవాళ్ల వంతెన అంతే. తేల్చుకోవడానికి చిన్న కిటుకు ఉంది, ముందు ‘వెరీ’ పెట్టి చూడండి. ‘వెరీ పెడెస్ట్రియన్ స్టైల్’ నిలుస్తుంది, ‘వెరీ పెడెస్ట్రియన్ క్రాసింగ్’ నిలవదు. ఎక్కువా తక్కువా అనగలిగేది ఊహ లేని అర్థంలోనే.

రాసేటప్పుడు మాత్రం ఆ వెసులుబాటు లేదు. వంతెన, వీధి, దారి, సిగ్నల్ లాంటి మాటల పక్కన దీన్ని విమర్శగా వాడకండి. ఒకసారి నగర నిర్మాణం మీద వ్యాసంలో ఒకాయన ‘పెడెస్ట్రియన్ ప్లానింగ్’ అని తిట్టుగా రాశాడు. పాదచారుల కోసం చేసిన ప్లానింగ్ అనుకుని కింద ఫొటో కూడా అలాంటిదే వేశారు. జీబ్రా క్రాసింగ్ మీద నవ్వుతూ వెళ్తున్న పిల్లలు. ఆ ప్రూఫు నా చేతి మీదుగానే పోయింది, ఇప్పటికీ మర్చిపోలేను.

మనుషులకు వాడేటప్పుడూ జాగ్రత్త. ‘హీ ఈజ్ ఎ పెడెస్ట్రియన్’ అంటే ఆయనకు వాహనం లేదని. ‘ఎ పెడెస్ట్రియన్ రైటర్’ అంటే ఆయన పుస్తకాల్లో పస లేదని. పలకడంలో ‘డె’ మీద ఒత్తు వస్తుంది.

---

అర్ధవిరామం

పీడియాట్రీషియన్‌తో కలిపేసేవాళ్లను కూడా చూశాను. “ఆయన నవల చాలా పీడియాట్రిక్‌గా ఉంది” అట.

---

పదాలపురుగు

అది గ్రీకులో పిల్లవాడి నుంచి వచ్చింది, కాలుతో సంబంధం లేదు. ‘పెడాంటిక్’తో కలిపేసేవాళ్లు ఇంకా ఎక్కువ. అది చిన్నదానికీ పాండిత్యం ఒలకబోసే నాలాంటివాళ్లకు వాడే మాట.

---

కిటికీసీటు

ఇంత చర్చ అవుతుందనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. ఎర్రసిరా గారూ, చనువు తీసుకుంటున్నాను. ఆ మధ్యభాగంలోంచి నాలుగు లైన్లు తెలుగు చేసి పెడుతున్నాను. తండ్రి పోయాక కొడుకు మూసి ఉన్న ఇంటికి తిరిగొస్తాడు.

“ఉదయం ఆరింటికి లేచాడు. కిటికీ తెరిచాడు. చల్లటి గాలి వచ్చింది. మనసుకు హాయిగా అనిపించింది. నాన్న గుర్తొచ్చాడు. కళ్లు చెమర్చాయి.”

పొట్టి వాక్యాలు కావడమే తప్పా? కాస్త వర్ణన కలిపి పొడుగు చేయనా?

---

ఎర్రసిరా

వద్దు! పొడుగు చేయొద్దు. ‘వేకువ వెలుగులు పుడమిని ముద్దాడుతుండగా’ అని మొదలుపెట్టారంటే నేనే వచ్చి పెన్ను లాక్కుంటాను.

పొట్టి వాక్యాల్లో తప్పు లేదు. ఒక్కో వాక్యం పట్టుకుని అడగండి, ఇది ఇంకో వంద కథల్లో ఇలాగే ఉంటుందా అని. లేచాడు, ఉంటుంది. కిటికీ తెరిచాడు, ఉంటుంది. చల్లటి గాలి, తప్పకుండా ఉంటుంది. కళ్లు చెమర్చాయి, అది లేని కథ చూపించండి. ఆరు వాక్యాల్లో ఈ మనిషిదీ, ఈ ఇంటిదీ అని చెప్పగలిగేది ఒక్కటి లేదు. ఆవిడ అన్నది దాన్నే అనుకుంటాను.

ఆ కిటికీ ఎలా ఉంటుంది? ఎన్నాళ్ల నుంచి మూసుంది?

---

కిటికీసీటు

నా మనసులో ఉన్న కిటికీకి గడియ ఉండదు. ఎప్పుడో విరిగిపోతే నాన్న గుడ్డపేలికతో కట్టాడు. కొత్త గడియ తెస్తానంటూనే ఉండేవాడు. ఇది కథలో రాయలేదు, అవసరం లేదనుకున్నాను.

---

ఎర్రసిరా

😐

---

సూటిగా

అదే కదండీ కథ!

---

పదాలపురుగు

ఇక్కడొక సంగతి చెప్పకుండా ఉండలేను. రోమన్ కవి హొరేస్ కావ్యకళ మీద పద్యంలో రాసిన లేఖలో ‘కాలినడక మాట’ ప్రస్తావన ఉంది, 95వ పంక్తిలో. అక్కడ అది తిట్టు కాదు. విషాద నాటకంలో అంతా పోగొట్టుకుని పరదేశం పాలైన నాయకులు ప్రేక్షకుడి గుండెను తాకాలంటే ఆడంబరం పక్కన పడేసి కాలినడక మాటల్లోనే ఏడుస్తారంటాడు. రెండు పంక్తుల తర్వాత, వాళ్లు పారేసే ఆ ఆడంబరపు మాటలకు ఆయన పెట్టిన పేరు ‘అడుగున్నర పొడుగు మాటలు’. ఇంగ్లీషులో ఇవాళ బారెడు మాటలు వాడేవాణ్ణి వెక్కిరించే ‘సెస్క్విపెడాలియన్’ అక్కడిదే. రెండింట్లోనూ పాదమే. ఒక పాదం నేల మీద నడిచేది, ఇంకోటి పొడుగు కొలిచేది.

సాదాగా ఉండటం, పెడెస్ట్రియన్‌గా ఉండటం ఒకటి కాదని అందుకే అంటాను. ఆ గుడ్డపేలిక ఎంత సాదా మాటల్లో చెప్పినా సరిపోతుంది.

---

నడకమానను

అయితే హొరేస్ నా పార్టీ.

---

కొత్తచిగురు

తెలుగులో దీనికి సరిగ్గా ఏ మాట వాడాలి? నేను ‘సాదాసీదా’ అని రాసుకున్నాను.

---

ఎర్రసిరా

‘సాదాసీదా మనిషి’ అంటే మెచ్చుకోలు. కుదరదు. ‘మామూలు’, ‘ఓ మాదిరి’ మరీ మెత్తన. ‘చప్పగా’ బాగుంది గానీ అది ‘ఇన్సిపిడ్’కు అతికినట్టు సరిపోతుంది, అది కూడా రుచి లేదనే మాటే. ‘ఊకదంపుడు’ ఉపన్యాసాలకు వదిలేద్దాం. ‘చర్వితచర్వణం’ అంటే నమిలిందే నమలడం, అరిగిపోయిన మాటలకు బాగుంటుంది. ‘మూస’ అంటే అచ్చులో పోసినట్టు, ‘ఫార్ములాయిక్’ దగ్గరికి వెళ్తుంది.

నా ఓటు ‘నేలబారు’కు. నేలబారు శైలి, నేలబారు ఊహ. ఎత్తుకు ఎగరలేదనే చెప్తోంది, అచ్చం లాటిన్ వాడి లాగే. పైగా మనకు దీనికి విరుగుడు కూడా ఉంది, ‘నేల విడిచిన సాము’. ఎగరమన్నారు కదా అని మరీ ఎగిరితే అది.

---

సూటిగా

నేలబారులో తిట్టు కాస్త ఎక్కువ. నేలబారు జోకు అంటే నీచమైన జోకు అనే వాసన వస్తుంది. నేనైతే ‘పేలవంగా’ అంటాను.

---

ఎర్రసిరా

జోకు విషయంలో ఒప్పుకుంటాను. శైలి విషయంలో ఒప్పుకోను. పేలవం అంటే చేయబోయి చేయలేకపోవడం. పెడెస్ట్రియన్ రచయిత అసలు ప్రయత్నించి ఉండడు.

---

సూటిగా

మీతో వాదించి గెలిచినవాళ్లు ఈ వేదికలో ఎవరైనా ఉన్నారా?

---

అర్ధవిరామం

ఉన్నారు, ఖాతా మూసేసుకున్నారు.

---

నిర్వాహకుడు

సరదా బాగుంది, దారి తప్పకండి. కిటికీసీటు గారి సమీక్ష ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. ‘వెనిలా’, ‘మండేన్’, ‘ప్రొజాయిక్’ గురించి నాకు విడిగా సందేశాలు వస్తున్నాయి, వాటికి వేరే చర్చ తెరిచాను.

---

ఎర్రసిరా

నిజమే, మర్చిపోయాను. ‘ప్రొజాయిక్’ గురించి ఒక్క ముక్క, సమీక్షకు పనికొస్తుంది కాబట్టి. అది కూడా వచనం నుంచే వచ్చింది గానీ అందులో నింద తప్పనిసరి కాదు. ‘అసలు కారణం ఇంకా ప్రొజాయిక్’ అంటే అసలు కారణం మీరనుకున్నంత గొప్పదేం కాదు అని, అంతే. అక్కడ పెడెస్ట్రియన్ పెడితే చెడిపోతుంది. కారణానికి ఊహాశక్తి ఉండాల్సిన పని లేదు.

సమీక్షలో వాడండి, తప్పు లేదు. కానీ ఒక్కసారే వాడండి, వాడిన వెంటనే ఆ పుస్తకంలోంచి ఒక వాక్యం చూపించండి. ఉదాహరణ లేకుండా ఈ మాట వేస్తే సమీక్షకుడు గుర్రం మీద కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. రచయిత కష్టపడ్డాడు, పని తెలిసినవాడే, మెరుపు మాత్రం లేదు అనాలనుకుంటే ‘వర్క్‌మన్‌లైక్’ ఉంది. అందులో సగం మెచ్చుకోలు మిగులుతుంది. రాసినవాడు రాత్రి నిద్రపోతాడు.

---

సూటిగా

నేనైతే ఉదాహరణ ఒక్కటే పెట్టి విశేషణం కొట్టేయమంటాను. వాక్యం కళ్లెదుట ఉంటే చదివేవాడికి తెలియదా?

---

ఎర్రసిరా

నాలుగొందల పేజీల పుస్తకానికి మూడొందల మాటల సమీక్ష అడుగుతారండీ. అన్నిటికీ ఉదాహరణలు ఎక్కడ పెడతాం?

---

కిటికీసీటు

ఇవాళ పొద్దున ఆవిడ మెయిల్ వచ్చింది. మొత్తం ఒకటే లైను: “మిగతా కథను మాత్రం దయచేసి ముట్టుకోవద్దు.”

చదవగానే చెమటలు పట్టాయి. తర్వాత నవ్వొచ్చింది. జరిగిందంతా దాచకుండా రాసేసి, పొరపాటు ఒప్పుకుని, మధ్యభాగం మళ్లీ రాసి పంపాను. ఆ చోటు ఇప్పుడు ఇలా ఉంది:

“గడియ ఉండాల్సిన చోట నాన్న కట్టిన గుడ్డపేలిక ఉంది. ముడి విప్పబోయి ఆగాడు. నాన్న ముడులు ఎప్పుడూ ఎడమవైపుకే. ఆ రోజు కిటికీ తెరవలేదు.”

సమీక్షలో పెడెస్ట్రియన్ ఒక్కసారే వాడాను, మూడో అధ్యాయానికి, పక్కనే ఒక వాక్యం చూపించి. ఏడో అధ్యాయానికి కూడా రాశాను గానీ ఇంకోసారి చదివాక కొట్టేశాను. అది సాదాగా ఉంది, అంతే.